బాసింగాలకని రాయలేదు

నయాపైసలు వచ్చి నాలుగైదేళ్లయినా జనం ఇంకా అణాల్లోనే మాట్లాడుకునే రోజులవి. ఆర్మూరు బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. కమీషన్ మీద పసుపు అమ్మిపెట్టే అడ్తి సేట్ల నుంచి రైతుల దాకా టెలిగ్రాం తార్లూ, ఇంగ్లీషు కాగితాలూ నాచేతే చదివించుకునేవారు. పాతికేళ్లు నిండని నాకు కాళ్లు నేల మీద ఆనేవి కావు.

మా పక్కింట్లో బాసింగాలు కట్టే అక్క ఉండేది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు నుదుట కట్టుకునే ఆ బాసింగాలకు ఆమె రంగు కాగితాలు వాడేది. ఎండాకాలం చెమటకు రంగు దిగి మొహాలు పాడవుతున్నాయని మాటలు పడేది. ఆమెకున్నది ఒక్కడే తమ్ముడు. బొంబాయి వెళ్లి ఓడలో వంటవాడుగా కుదిరాడు. అక్క బాధ తెలిసి, పూలు అచ్చువేసిన పల్చటి ప్లాస్టిక్ షీటు చుట్ట ఒకటి జపాను నుంచి పోస్టులో పంపాడు. రైతులు మార్కెట్ యార్డులో పసుపు అమ్ముకుని ఇళ్లల్లో పెళ్లిళ్లు పెట్టుకునే సమయానికి అందాలని వాడి ఆశ.

పార్సిల్ రాలేదు. దాని బదులు బొంబాయి కస్టమ్స్ ఆఫీసు కాగితం వచ్చింది. ఇది ప్లాస్టిక్ సరుకా, అచ్చుబొమ్మలా? దేనికి వాడతారు? ఏ పద్దు కింద సుంకం వెయ్యాలో తేల్చాలి, జవాబు రాయమన్నారు.

“బాసింగాలకని రాయి సారూ. కత్తిరిచ్చి అతికిస్తమని రాయి. గంతే గదా!” అంది అక్క.

నిజంగా అంతే. కానీ బాసింగానికి ఇంగ్లీషు మాట నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నామోషీ. పైగా బొంబాయి ఆఫీసర్లు చదివే కాగితంలో మా ఊరి పెళ్లి సామాను సంగతి రాయడం చిన్నతనమనిపించింది. బొమ్మలంటే సుంకం కూడా తగ్గుతుందని నాకు నేనే లాయరునైపోయి, ‘ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకునే పూల పటాలు’ అని దర్జాగా రాశాను. ఆమె కింద వేలిముద్ర వేసింది.

నెల తిరక్కుండా జవాబొచ్చింది. చుట్ట విప్పి చూశారట. మొదట్నుంచి చివరి దాకా అదే పువ్వు. అంచు లేదు, విడి బొమ్మ లేదు. ఇది కత్తిరించి వాడుకునే ప్లాస్టిక్ సరుకే తప్ప పటం కాదు, అబద్ధం చెప్పినందుకు జప్తు చేశామన్నారు. అక్క చెప్పిన మాటే వాళ్లూ రాశారు. మధ్యలో నేనొక్కణ్ణే తెలివైనవాణ్ణి.

“ఏమొచ్చింది సారూ?” మైదా జిగురు చేతులతోనే ఆమె పరుగున వచ్చింది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. నోటికి అబద్ధమే వచ్చింది. “గది తెప్పియ్యగూడని మాల్ అట అక్కా. జప్తు చేసిన్రు.”

ఆమె మొహం మాడిపోయింది. “అయితే నా తమ్ముడు దొంగ మాల్ పంపిండా? సర్కారు కాగితం మీద నా వేలిముద్ర వడ్డది గదా! గిప్పుడే రాయి సారూ వానికి. అక్కను జైలుకు తోలుదామనుకున్నవారా అని రాయి. ఇగ నా గడప తొక్కొద్దని రాయి.”

తప్పు నాది అక్కా అని అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. కలం తీసి రాశాను. కోపంలో ఆమె తడబడిన చోట మాట కూడా అందించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ పెళ్లిళ్లన్నిటికీ ఆమె రంగు కాగితాలతోనే బాసింగాలు కట్టింది. తమ్ముడి నుంచి మళ్లీ ఉత్తరం ముక్క రాలేదు. దసరా నాడు ఆమె నన్ను భోజనానికి పిలిచింది. విస్తరి ముందు కూర్చోబెట్టి, తమ్ముడికని దాచిన కొత్త తువ్వాలు నా భుజం మీద వేసింది.

“నాకు ఇగ తమ్ముడంటే నువ్వే సారూ” అంది.

ఆమె కొసరి కొసరి వడ్డించిందంతా తలవంచుకుని తిన్నాను.