అల ఆగిన క్షణంలో

షిపూ రేవులో వలలు బాగుచేసే మియావో చియుయే, సమాధి రాళ్ల మీది అక్షరాలను తడివేలితో దిద్దుకుంటూ రాత నేర్చుకుంది. ఇన్నేళ్లకు మొదటిసారి ఒక పడవకు పేరు రాసే పని దక్కింది. గట్టు మీది అధికారి ఆ పేరు చదవగలిగితేనే పడవ ఈరోజు వేటకు కదులుతుంది.

"గొలుసుకట్టుగా లాగెయ్యి వదినా! ఆటు మొదలై నీళ్లు తీసేస్తున్నాయి!" అని, పడవ పక్కన తెప్ప మీద కుంచెతో నిలబడ్డ చియుయేను చూసి పడవ యజమాని షాన్ అరిచాడు.

"ఇది కైషు, విడివిడి గీతల రాత. గీతగీతకూ ఆగాలి. అప్పుడే అంత దూరానికి కనబడుద్ది. నువ్వు నోరు కట్టేసుకుని తెప్ప పట్టుకో మరిదీ!"

తెప్ప ఊగుతోంది. అల పైకెత్తి ఆగిన క్షణంలోనే, ఊపిరి బిగబట్టి ఒక్కో గీతా వేసింది. చివరి గీత పడగానే గట్టు మీంచి పేరు చదివిన అధికారి కేక వినబడింది.

"హైషెంగ్! వెళ్లొచ్చు!"

పడవను వేటకు సాగనంపే టపాకాయలు పేలాయి. షాన్ థాంక్స్ చెప్పేలోపే చియుయే, ఇంకా పేరు రాయని పక్క పడవ వైపు తెప్ప నెట్టేసింది.