చెత్తబుట్టలోని ఆకులు

మచిలీపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీవాళ్లు విల్సన్‌ను దొంగ అన్నారు. పోలీసుల్ని పిలవలేదు, కాగితం మీద ఒక్క ముక్క రాయలేదు. అంత మర్యాదగా పంపేశారు కాబట్టే, కాదని నిరూపించుకునే దారి కూడా అతనికి లేకుండా పోయింది.

బోటనీ ల్యాబులో అతను కాంట్రాక్టు అటెండరు. లెక్చరరు ఇందిరాదేవి ఊటీ నుంచి తెచ్చుకున్న ఆఫ్రికన్ వయొలెట్ కుండీలు ఆ ల్యాబు కిటికీలో ఉండేవి. జానెడు మొక్క, మఖమల్ గుడ్డలాంటి ఆకు, ఊదారంగు పువ్వు, పువ్వు అంచున తెల్లటి గీత. ఆవిడ తుంచి పారేసిన ఆకుల్ని విల్సన్ చెత్తబుట్టలోంచి ఏరుకుని చల్లపల్లిలో తన ఇంటికి తెచ్చాడు. సగానికి కోసిన నీళ్ల సీసాల్లో తడి ఇసుక పోసి గుచ్చాడు. ఆకు కాడ నుంచే పిల్లమొక్క వస్తుందని అతనికి చెప్పిందెవరు? ఇందిరాదేవే. క్లాసులో బోర్డు మీద బొమ్మ వేసి చెబుతుంటే గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు.

ఏడాది తిరిగేసరికి ఎనిమిది కుండీలు పూశాయి. ఒకటి తీసుకెళ్లి ఆవిడకే ఇచ్చాడు. సంతోషిస్తుందనుకున్నాడు.

"ఆకు నుంచి పెంచావా? నువ్వా?" అంది ఆవిడ.

ఆ రెండో మాటతోనే ఉద్యోగం పోయింది. అంతకు ముందు వేసవి సెలవుల్లో ల్యాబులో నాలుగు కుండీలు కనబడకుండా పోయాయి. దొంగ దొరికాడని స్టాఫంతా ఊపిరి పీల్చుకున్నారు.

లోకం సంగతి అటుంచి, ఆ సాయంత్రం భార్య హన్నా అన్నం వడ్డిస్తూ అడిగింది. "ఆకులు తెచ్చారు, అది నేను చూశానులెండి. మరి ఆ నాలుగు కుండీలు?"

"నేను తీయలేదే."

"సరే."

ఆ 'సరే'ని ఆరేళ్లుగా మోస్తున్నాడు విల్సన్. ఇంటి పక్కన పచ్చవల కట్టి చిన్న నర్సరీ పెట్టుకున్నాడు. బతుకు గడుస్తోంది. కానీ అతను ఎక్కడికి వెళ్లొచ్చినా, సంచి తీసుకుని లోపల పెట్టే వంకతో హన్నా అందులోకి ఒకసారి తొంగిచూస్తుంది. ఆ చూపు మాన్పించడం తప్ప అతనికి ఇంకే కోరికా లేదు.

పోయిన నవంబరులో ఒక శనివారం ఆటో దిగి ఇందిరాదేవి వచ్చింది. రిటైరై రెండేళ్లయింది. చేతిలో బుట్ట, బుట్టలో ఒకే కుండీ. ఆకులన్నీ కుండీ అంచుమీద వాలిపోయి ఉన్నాయి.

ఎందుకొచ్చినట్టు? తన కుండీల్లో దేన్నో గుర్తుపట్టి మళ్లీ గొడవ చేయడానికా? విల్సన్ కుర్చీ వేయలేదు.

"ఇదొక్కటే మిగిలింది విల్సన్. రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాను, వాడిపోతోంది."

"అందుకేనండీ వాడిపోయింది."

"విజయవాడలో ఇద్దరు నర్సరీవాళ్లకి చూపించాను. పారేయమన్నారు."

"ఏం నీళ్లండీ పోసేది?"

"బోరువే. కుళాయి నీళ్లు తాగడానికే చాలవుగా."

కుండీ అంచున తెల్లగా ఉప్పు పేరుకుపోయి ఉంది. దానికి ఆనుకున్న కాడలన్నీ నల్లబడ్డాయి. కింద పళ్లెంలో నీళ్లు నిలబడే ఉన్నాయి. వరి పండే చోట ఏది తల వాల్చినా నీళ్లు పెట్టడమే అందరికీ తెలిసిన వైద్యం. బోటనీ చదివినావిడకీ అదే తోచింది. వేళ్లు కుళ్లినా మొక్క దాహమేసినట్టే వాలుతుంది.

"నలభై రోజులు ఇక్కడ వదిలెయ్యాలండీ."

ఇందిరాదేవి హ్యాండ్‌బ్యాగులోంచి గోళ్లరంగు సీసా తీసి కుండీ అడుగున ఎర్రచుక్క పెట్టబోయింది.

"కుండీ మార్చేస్తానండీ, చుక్క కుండీతోనే పోద్ది" అన్నాడు విల్సన్.

ఆవిడ సిగ్గుపడలేదు. ఒక చిన్న ఆకును వెనక్కి తిప్పి దాని అడుగున పెట్టింది. గుమ్మంలోంచి హన్నా అంతా చూస్తోంది.

విల్సన్ ఆవిడ కళ్ల ముందే మొక్కను ఊడదీశాడు. వేళ్లు గోధుమరంగుకు తిరిగి, ఉడికిన సేమ్యాలా చేతికి అంటుకున్నాయి. బ్లేడుతో మొదలును కోసుకుంటూ పైకి పోయాడు, లోపల పచ్చటి చోటు కనబడేదాకా. చివరికి వేరన్నది లేని తల మాత్రం మిగిలింది.

"చంపేస్తున్నావా?" అంది ఆవిడ.

"చంపాలంటే మీ పద్ధతి చాలండీ."

చుక్క ఉన్నది వదిలి పక్క ఆకులు తీసేసి, ఆ తలను కొత్త కుండీలో కొబ్బరిపొట్టు కలిపిన తడి ఇసుకలో కూర్చోబెట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టాడు. తీసేసిన ఆకుల్లో కుళ్లనివి ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసి ఆవిడ చేతికిచ్చాడు.

"ఇవి నాకెందుకు?"

"మీవేనండీ. ఒక్కటి కూడా ఇక్కడ ఉండకూడదు."

ఆవిడ వెళ్లాక హన్నా అంది, "ఊరికే చుక్క పెట్టుద్దా ఎవరైనా?" విల్సన్ కవరు ముడి ఇంకోసారి బిగించాడు. మొక్క చస్తే పగబట్టి చంపాడంటారు, బతికితే మార్చేశాడంటారు. ఎండ తగలని చోట పెట్టి, తాగే క్యాను నీళ్లే చెంచాతో పోసి కాపాడాడు. రోజూ పొద్దున కవరు తీసి గాలాడనిచ్చేవాడు. ఆ ఎర్రచుక్క ఆకు రాలకుండా ఉండాలని ప్రార్థనలో కూడా అడిగాడు.

నలభయ్యో రోజు ఇందిరాదేవి వచ్చింది. విల్సన్ మొక్క తలను మెల్లిగా లాగి చూపించాడు. ఊగలేదు, వేళ్లు పట్టేశాయి. నడిమధ్య మినపగింజంత కొత్త ఆకులు రెండు. ఆవిడ వాటిని చూడలేదు. ముందు పాత ఆకును తిప్పి చుక్క చూసుకుంది.

తర్వాత తల దించుకుని అంది, "ఆ నాలుగు కుండీలు ప్రిన్సిపాల్‌గారింట్లో ఉన్నాయి విల్సన్. నా రిటైర్మెంటుకి భోజనానికి పిలిస్తే అక్కడ చూశాను."

"రెండేళ్ల కిందటా?"

"ఆఁ."

"తెలిసీ చుక్క పెట్టారా మేడం?"

"ఏదో... చెయ్యి అలవాటు. తప్పు నాదే. నువ్వు తీయలేదు."

విల్సన్ కుండీని బుట్టలో పెట్టి, బుట్ట మాత్రం ఆవిడకి ఇవ్వలేదు.

"అది నాకు మొదట్నించీ తెలుసండీ. మా హన్నా లోపల బియ్యం ఏరుతోంది. వెళ్లి ఆవిడకి చెప్పండి. చెప్పొచ్చాక మొక్క పట్టుకెళ్లండి."