మేనేజరుగారి మాటకు అర్థం

నీటి పంపులు అమ్మే ఆ కంపెనీ ఆఫీసులో మేనేజరుగారి మాటల్లో పేర్లుండవు. "అది అటు పంపించి, వాళ్ళొస్తే అలా అని చెప్పెయ్" అంటారు. ఏది, ఎటు, ఎవరితో, ఎలా అన్నవి వినేవాళ్ళ తెలివికి వదిలేస్తారు. ఎవరైనా అడిగారా, "ఇంత చిన్న విషయం విడమరిచి చెప్పాలా?" అని కళ్ళజోడు తీసి బల్లమీద పెడతారు. కళ్ళజోడు బల్లమీదికి దిగిందంటే ఇక ఆ పూటకి ఆ గది గుమ్మం తొక్కే సాహసం ఎవరూ చెయ్యరు.

ఒక్క అటెండరు తప్ప. అతన్ని ఆఫీసంతా బాబాయ్ అంటుంది. మేనేజరుగారి గది బయట స్టూలు అతని స్థానం. లోపలినుంచి వచ్చినవాళ్ళు తలుపు మూసి, అతని ముందు ఆగి, ఆయన అన్నమాట అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవారు. బాబాయ్ ఓ క్షణం కళ్ళు మూసుకుని, దాని అర్థం చెప్పేవాడు. వాళ్ళు ఊపిరి పీల్చుకుని వెళ్ళి పని చేసేవారు.

ఈ విద్య అతనికి ఎలా వచ్చిందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. మేనేజరుగారు ఈ ఆఫీసుకి వచ్చిన కొత్తలో ఓ సాయంత్రం ఇంటికి వెళ్తూ, "ఏమయ్యా, అది అక్కడేం బాగాలేదు, ఇటు పెట్టించు" అన్నారు. బాబాయ్ గదంతా కలియజూశాడు. బీరువా ఉంది, కుర్చీలున్నాయి, క్యాలెండరుంది, మంచినీళ్ళ కూజా ఉంది. అడుగుదామంటే ఆయన మెట్లు దిగిపోయారు. ఉన్నవాటిలో పెద్దది బీరువా గనుక, పెద్ద మనిషి పెద్ద వస్తువు గురించే మాట్లాడి ఉంటాడని, స్టోర్సు నుంచి ఇద్దరిని పిలిచి దాన్ని కిటికీ దగ్గర్నుంచి తలుపు పక్కకి జరిపించాడు. మర్నాడు మేనేజరుగారు వచ్చి, బల్లమీద పడుతున్న వెలుతురుని చాలాసేపు చూశారు.

"ఆ, ఇదీ నేను చెప్పింది!" అన్నారు.

కొన్నాళ్ళకి తలుపు సందులోంచి బాబాయ్ ఒక దృశ్యం చూశాడు. మేనేజరుగారు చెత్తబుట్టని కాలితో కుడివైపు నుంచి ఎడమవైపుకి నెడుతూ, "ఎప్పుడు చెప్పాను దీని సంగతి! ఒక్కడికీ పట్టదు" అని గొణుక్కుంటున్నారు. బాబాయ్ చప్పుడు చెయ్యకుండా వచ్చి స్టూలుమీద కూర్చున్నాడు. ఆయనకి కావలసింది తను చెప్పిన పని కాదు, తను చెప్పగానే జరిగిన పని అని ఆ రోజు తెలిసింది. ఆ తరవాత అతను అర్థంకోసం వెతకలేదు. ఏదో ఒక అర్థం చెప్పేవాడు. కాకపోతే గట్టిగా చెప్పేవాడు.

ఎప్పుడూ కుదిరేదని కాదు. ఒకసారి మేనేజరుగారు "ఆ పెద్దవి అక్కడికి తోలెయ్యండి" అన్నారు. స్టోర్స్ కీపరు పరుగున వచ్చాడు.

"బాబాయ్, పెద్దవంటే పెద్ద పంపులేనా? అక్కడంటే ఎక్కడ?"

"పాత డీలరు దగ్గరికి. ఇంకెక్కడికి పంపుతారు?"

పంపులు వెళ్ళాయి. ఆ డీలరు కొట్టు ముందు అడుగుపెట్టే చోటు లేకుండా దించి వచ్చారు. అతను ఫోనులో పెట్టిన కేకలు టైపిస్టు బల్లదాకా వినిపించాయి. మేనేజరుగారు కళ్ళజోడు బల్లమీద పెట్టి, "నేను చెప్పిందేంటి, నువ్వు చేసిందేంటి?" అని స్టోర్స్ కీపరుని నిలబెట్టి కడిగేశారు. నిజానికి పెద్దవంటే పాత ఖాళీ పెట్టెలు, అక్కడంటే వెనక షెడ్డు. స్టోర్స్ కీపరు బయటికొచ్చి బాబాయ్ వంక చూశాడు. బాబాయ్ అతనికి టీ తెప్పించి, "నిన్న చెప్పినప్పుడు వారి ఉద్దేశం అదేరా, రాత్రికి మార్చుకున్నారు" అన్నాడు. స్టోర్స్ కీపరు టీ తాగి నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు, రేపు మళ్ళీ ఎవర్ని అడగాలి?

ఇలా నడుస్తుండగా బాబాయ్‌కి అరవై నిండబోతున్నాయి. కంపెనీ నియమం ప్రకారం అరవై నిండినవాణ్ణి పంపించెయ్యాలో, ఇంకా ఉంచుకోవాలో తేల్చేది ఆ ఆఫీసు మేనేజరే. నెల తిరగ్గానే ఏ సంగతో హెడ్డాఫీసుకి రాయాలి.

ఇంట్లో భార్యకి మాత్రం మాటలు తూచినట్టు వస్తాయి. "ఏమండీ, ఉద్యోగం ఉంటే ఇక్కడుందాం, లేకపోతే మా చెల్లెలి ఊరు వెళ్దాం. ఇంటాయన వేరేవాళ్ళకి మాటివ్వాలట, నెలాఖరుకి చెప్పమన్నాడు. మీరు మీ సార్ని అడగండి. ఉంచుతారా, తీసేస్తారా? రెండింట్లో ఒకటి."

"ఆయన్ని అలా అడగరే."

"ఎందుకడగరు? నోరుంది కదా!"

"నాకుంది. ఆయనకీ ఉంది. అదే చిక్కు."

మర్నాడు బాబాయ్ టీ కప్పు బల్లమీద పెట్టి, కదలకుండా నిలబడ్డాడు.

"ఏంటయ్యా?"

"నా సంగతండి. ఈ నెలాఖరుకి..."

"ఆ, నీదా! అది అనుకున్నాంగా." మేనేజరుగారు కప్పులోకి చూశారు. "అదేలే, వాళ్ళతో ఓ మాట అనుకుని అలా కానిచ్చేద్దాం."

"అంటే, ఉండమంటారాండి?"

చెయ్యి కళ్ళజోడు మీదికి వెళ్ళింది. బాబాయ్ వెనక్కి అడుగులేశాడు.

బయట టైపిస్టు అమ్మాయి, స్టోర్స్ కీపరు కాచుకుని ఉన్నారు. ఇన్నేళ్ళుగా వాళ్ళు తనకి అప్పజెప్పినట్టే ఈసారి అతను వాళ్ళకి అప్పజెప్పాడు. చెప్పి కళ్ళు మూసుకున్నాడు. ఏమీ తట్టలేదు. పరాయివాడి పంపుల గురించి ఎన్ని అర్థాలైనా చెప్పొచ్చు. ఇది తన కూడు.

"కానిచ్చేద్దాం అన్నారంటే కొనసాగమనే బాబాయ్" అంది టైపిస్టు.

"నీ మొహం! మనిషిని సాగనంపేటప్పుడు అనే మాటమ్మా అది" అన్నాడు స్టోర్స్ కీపరు. "అయినా మేం చెప్పడమేంటి బాబాయ్, పంతులికి పాఠమా?"

ఇంట్లో అడిగితే "చూస్తామన్నారు" అన్నాడు. "చూసింది చాలు, చెప్పమనండి" అంది భార్య. ఒక్కో సామానూ పట్టుకుని, మూట కట్టాలో వద్దో తెలియక మళ్ళీ అక్కడే పెట్టేస్తోంది.

నెలాఖరు రోజు పొద్దున్నే మేనేజరుగారు పిలిచారు.

"సాయంత్రం అందర్నీ కూర్చోబెట్టి అది కానిచ్చేద్దాం. కుర్చీలవీ నువ్వే చూసుకో."

బాబాయ్ తలూపి బయటికొచ్చాడు. నెలాఖరున స్టాకు లెక్కలు చూసుకునే సమావేశం ఎలాగూ ఉంటుంది. ఎవరైనా వెళ్ళిపోతుంటే వీడ్కోలు సభ పెట్టేదీ ఆ రోజే. రెండింటికీ కుర్చీలే. రెండింటికీ టీ బిస్కట్లే. తేడా అంతా పూలదండ దగ్గరుంది. తన మెడకి తనే దండ కొనుక్కొచ్చుకోవాలా? పోనీ కొనకపోతే, మేనేజరుగారు లేచి "దండేదీ?" అంటే?

స్టూలుమీద కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. వచ్చేపోయేవాళ్ళు జాలిగా చూసి తప్పుకున్నారు. ఆ చూపులే అతనికి చురుక్కుమన్నాయి. లేచి స్టోర్స్ కీపరు దగ్గరికి వెళ్ళాడు.

"ఒరేయ్, సాయంత్రం స్టాకు మీటింగు. లెక్కలన్నీ సిద్ధం చేసుకో."

"అదేనా బాబాయ్ ఆయనన్నది?"

"అదే" అన్నాడు బాబాయ్. పంపుల విషయంలో ఎంత గట్టిగా చెప్పాడో అంతే గట్టిగా చెప్పాడు.

సాయంత్రం అందరూ కూర్చున్నారు. మేనేజరుగారు కొత్త చొక్కా వేసుకుని, చంకలో రంగుకాగితం చుట్టిన పొట్లంతో లోపలికి వచ్చారు. మొహంలో అంతకుముందే తెచ్చిపెట్టుకున్న విచారం ఉంది. కుర్చీల వంక, టీ కప్పుల వంక చూశారు. సరిగ్గా ఆ క్షణాన బాబాయ్ స్టోర్స్ కీపరుకి కన్ను గీటాడు. అతను లేచి, ఎన్ని పంపులు వచ్చాయో, ఎన్ని పోయాయో, ఎన్ని తుప్పు పట్టాయో గడగడా చదవడం మొదలుపెట్టాడు.

మేనేజరుగారు నిలబడే కొంచెంసేపు విన్నారు. నుదురు ముడిపడింది, తరవాత విడిపోయింది. పొట్లాన్ని కుర్చీకింద పెట్టి కూర్చున్నారు. విచారం మెల్లగా శ్రద్ధగా మారింది.

"ఆ, ఇదీ నేను చెప్పింది" అన్నారు. "ఈ తుప్పు సంగతి తేలాలి ఇవాళ!"

తుప్పు సంగతి చీకటిపడేదాకా నడిచింది.

ఇంటికి రాగానే భార్య గుమ్మంలోనే అడిగింది. "ఏమన్నారు?"

"ఉండమన్నారు."

"ఆ మాటే అన్నారా?"

"అర్థం అదే."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహం చదవడం ఆవిడకి కొత్త కాదు. ఏం చదివిందో గాని, చెప్పులేసుకుని ఇంటాయన దగ్గరికి వెళ్ళి, మేం ఖాళీ చెయ్యట్లేదని చెప్పొచ్చింది.

మర్నాడు బాబాయ్ అందరికంటే ముందు వచ్చి కిటికీలు తెరిచాడు. టైపిస్టు అమ్మాయి రాగానే అడిగింది. "హెడ్డాఫీసుకి మీ గురించి ఏం రాయను బాబాయ్?"

"కొనసాగిస్తున్నట్టు రాయమ్మా."

ఆ అమ్మాయి ఓ నిమిషం ఆగింది. ఆ ఆగడంలో ఆ అమ్మాయికి చాలా పాత సంగతులు అర్థమైపోయినట్టున్నాయి. టైపు చేసి, లోపలికి పట్టుకెళ్ళింది. బాబాయ్ టీ కప్పుతో వెనకే వెళ్ళాడు.

మేనేజరుగారు ఉత్తరం చదివారు. తలెత్తి బాబాయ్‌ని చూశారు. ఏదో గుర్తు తెచ్చుకోబోతున్నట్టు పెదవులు కదిలాయి. "ఇది..." అన్నారు.

"మీరు చెప్పినట్టేనండి" అంది టైపిస్టు అమ్మాయి.

"ఆ, అదే" అని సంతకం పెట్టేశారు. కలం మూస్తుంటే, బల్ల పక్కనున్న రంగుకాగితం పొట్లం కంటబడింది. దాన్ని గడ్డంతో చూపించారు.

"మరి అదీ?"

"దాని అవసరం ఇంకా రాలేదండి" అన్నాడు బాబాయ్. "బీరువాలో పెడతాను."