కుడితి బాల్చీ

తెనాలిలో మా కాలనీకి తడిచెత్త బండి వారానికోసారే వస్తుంది. ఈ ముసురులో నిన్న బుట్ట మూత తీశానో లేదో, పులిసిన గంజి వాసన గుప్పున కొట్టింది. పక్కింటావిడ ముక్కు మూసుకుంది. నేను మాత్రం ఇంకాస్త వంగాను. రేపల్లెలో మా అత్తగారి పెరట్లో ఉండే కుడితి బాల్చీ వాసన అది.

అత్తగారంటే నాకు మొదట్నుంచీ హడలే. ఆవిడ దగ్గితే వీధి సర్దుకునేది. నేను కాపురానికి వెళ్లిన కొత్తలో ఈ మున్సిపాలిటీ బండ్లూ, రంగు బుట్టలూ లేవు. బియ్యం కడుగు, గంజి, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు అన్నీ ఆ బాల్చీలోనే పడేవి. వెనక వీధి సూరమ్మ పొద్దున్నే వచ్చి మా నాలుగిళ్ల కుడితీ పట్టుకెళ్లి తన గేదెకు పెట్టేది. ఆ ఒక్క గేదె మీదే ఆమె బతుకు. అప్పుడది నిండు చూడితో ఉంది. అది ఈని పాలిస్తే గానీ ఇల్లు గడవదని రోజూ చెప్పుకునేది.

ఒకరోజు పొద్దున అత్తగారు వంటింట్లో బియ్యం బస్తా వెనక వంగి చూసి, "అమ్మాయ్, ఇక్కడి కంచం నువ్వు తీశావా?" అన్నారు. లేదన్నాను. ఎలుకల కోసం మందు కలిపిన అన్నం ముందురోజు ఆవిడే అక్కడ పెట్టారు. ఆ కంచం ఇప్పుడు కడిగిన గిన్నెల మధ్య బోర్లించి ఉంది. తెల్లారుజామున నిద్రకళ్లతో కంచాలన్నీ ఊడ్చి బాల్చీలో వేసిందీ ఆవిడే. పెరట్లోకి పరుగెత్తి చూస్తే బాల్చీ ఖాళీ. సూరమ్మ వచ్చి వెళ్లిపోయింది.

ఆవిడ ముఖంలో భయం చూడటం నాకదే మొదలు. మామగారు మెల్లిగా, "నాలుగిళ్లదీ కలిసిపోయుంటుంది. మనదేనని ఎవరంటారు? ఊరుకో," అన్నారు.

"దానికి నోరు లేదు, మనకుంది కదండీ," అంటూ ఆవిడ చెప్పుల్లేకుండా పరుగెత్తారు. ఒకరి గుమ్మం తొక్కి ఎరగని మనిషి! వెనకాలే నేనూ.

గేదె బేసిన్‌లో మూతి పెట్టి ఉంది. అత్తగారు ఆ బేసిన్‌ని లాగి బోర్లించేశారు. "సూరమ్మా, మా కుడితిలో ఎలుకల మందు పడిందే. నా చేత్తో నేనే వేశాను," అన్నారు. సూరమ్మ తిట్టలేదు. గేదె మెడ కావలించుకుని, "ఎంత తాగిందో నేను చూళ్లేదమ్మగారూ, చూళ్లేదు," అని ఒకటే గొణుగుడు.

పశువుల డాక్టరు వచ్చి ఏదో పట్టించి, "సాయంత్రం దాకా చూడాలండి. ఇప్పుడేం చెప్పలేను," అన్నాడు. ఆ పగలంతా అత్తగారు ఆ పేడలోనే చతికిలబడ్డారు. గేదె తల వాల్చినప్పుడల్లా నా చెయ్యి పట్టుకునేవారు, గోళ్లు దిగేలా. లోపలి దూడ కదులుతోందా అని సూరమ్మ దాని పొట్టమీంచి చెయ్యి తీయలేదు. అన్నం ఊసు ఎవరూ ఎత్తలేదు. పొద్దు వాలాక గేదె దవడలు మెల్లిగా కదిలాయి. నెమరు వేస్తోంది! సూరమ్మ భోరుమంది.

మర్నాడు ఆమె కుడితి కోసం మళ్లీ వచ్చింది. నేను తెల్లబోయాను. అత్తగారు బాల్చీ అడుగుదాకా చేత్తో కలియబెట్టి, దోసిట్లో కాస్త తీసుకుని, మా ఎదుటే ఓ గుక్క తాగారు.

సూరమ్మ లబలబలాడింది. "అయ్యయ్యో, వద్దండి! మీ మీద నమ్మకం లేకపోతే వస్తానా అమ్మగారూ?"

"నీకుందిలేవే. నాకే లేదు," అన్నారు అత్తగారు.

మంచాన పడేదాకా ఆవిడ అది మానలేదు. ఆవిడ పోయి చాలాకాలమైంది. ఇప్పటికీ ఎవరింటికైనా గిన్నెడు పులుసు పంపితే, వాళ్లు తిని బాగున్నామని చెప్పేదాకా నా ప్రాణం కుదుటపడదు. పిల్లలు చాదస్తమంటారు. అననీ. ఈ భయం పోవాలని నేను ఏ దేవుడికీ మొక్కుకోలేదు.