సముద్రపు కాకికి తులాభారం

గూడబాతు కాలికి వెయ్యాల్సిన అల్యూమినియం కడియం నా చూపుడు వేలికి సరిగ్గా పట్టింది. పడుతుందో లేదో చూద్దామని పెట్టుకుని, పట్టకారుతో కాస్త నొక్కాను. అంతే, ఇక ఊడలేదు. సబ్బు రాశాను, ఆముదం రాశాను, నోటికొచ్చినట్టు తిట్టాను. ఉప్పుగాలికి వేలు బూరెలా పొంగింది. మా సారు కళ్ళజోడు తుడుచుకుని, "ఆ నెంబరు ఇక ఏ పక్షికీ పనికిరాదు. నువ్వు వలస పోకుండా ఉంటే చాలు," అన్నారు.

ఇది అరవైల మొదట్లో మాట. సారు మద్రాసు నుంచి వచ్చిన పక్షుల శాస్త్రవేత్త. బోగోలు అవతల సముద్రపొడ్డున ఒక పాలెంలో పూరిపాక అద్దెకు తీసుకుని, చలికాలంలో వచ్చే పక్షుల, ముఖ్యంగా సముద్రపు కాకులనే తెల్లటి గల్ పక్షుల ఆరోగ్యం పరీక్షించేవారు. పక్షిని వలతో పట్టడం, గుడ్డసంచిలో వేసి తూచడం, ఈకల్లో పేలు ఏరడం, గాజుపలక మీద నెత్తురు చుక్క తీయడం, చివరికి కాలికి నెంబరున్న కడియం వేసి వదిలేయడం. ఇందులో పేల శాఖ నాది.

"డిగ్రీ చదివింది కాకులకు పేలు చూడ్డానికా?" అనేవాడు మా మేనమామ. మనుబోలులో ఆయనకు రైసు మిల్లుంది. నన్ను అందులో కూర్చోబెట్టాలని ఆయన పంతం. ఆ తవుడు దుమ్ములో నిలబడితే నాకు ఆగకుండా తుమ్ములు. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య ఆయన హితబోధ. కాకుల పేలే నయమనిపించేది. చివరికి ఆయనా నేనూ ఒక ఒడంబడికకు వచ్చాం. కడియం వేసిన పక్షుల్లో ఒక్కటైనా మరుసటి చలికాలం ఇదే ఒడ్డుకు తిరిగొచ్చిందని, నెంబరు చదివి మరీ చూపిస్తే మద్రాసు వాళ్ళు డబ్బిస్తారు, సారు పని కొనసాగుతుంది, నా ఉద్యోగం నిలుస్తుంది. లేదంటే సారు మద్రాసుకు, నేను మిల్లుకు.

మొదటి చలికాలం మేం కడియాలు వేస్తుంటే పాలెం పెద్ద వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఆయన్ని అందరూ పెద్దకాపు అంటారు.

"ఇది ఎవురి మొక్కు దొరా?" అన్నాడు.

సారుకు తెలుగు అంతంతమాత్రం. అడిగినదానికల్లా తల ఊపడం ఆయన అలవాటు. ఊపారు.

"అచ్చేసి వొదిలేస్తారా?"

మళ్ళీ ఊపారు.

"ఇంక దీన్నెవురూ కొట్టగూడదా?"

"కూడదు, కూడదు!" అని సారు రెండు చేతులూ జోడించారు. ఆ చేతుల మధ్య కాకి కూడా ఉంది.

ఒక్కటీ అబద్ధం కాదు కదా, నేనూ నోరు మూసుకున్నాను. దేవుడికి మొక్కుకుని అచ్చు వేసి వదిలిన కోడె ఎవరి చేలో పడి మేసినా ఆ పక్కల అదిలిస్తారే గాని కొట్టరు. దాన్ని మళ్ళీ కట్టెయ్యడం మహాపాపం. సారు కాకుల్ని గంగమ్మకు అలా వదిలారని పాలెమంతా అనుకుంది. పెద్దలు కూర్చుని దురాయి వేశారు, అంటే ఊరి కట్టుబాటు. కడియమున్న కాకి మీద చెయ్యి పడరాదు. అంతకుముందు ఉచ్చు వేసి కాకుల్ని పట్టి కూర వండుకున్నవాళ్ళు ఇప్పుడు ముందు దాని కాళ్ళు చూసేవాళ్ళు. కడియముంటే దణ్ణం పెట్టి వదిలేసేవాళ్ళు. సారు రాసుకున్న ముప్పుల్లో మొదటిది మా ప్రమేయం లేకుండానే తప్పింది.

మరుసటి చలికాలం కాకులు వచ్చాయి. కడియాలతోనే వచ్చాయి! ఎండుచేపలు అమ్మే అవ్వ ఒకతె ఇసకలో నెత్తళ్ళు ఆరబోసుకుని కర్ర పట్టుకుని కూర్చునేది. మామూలు కాకి వాలితే కర్ర లేచేది. కడియపు కాకి వాలితే, "తినమ్మా," అని పక్కకు జరిగేది. అవి అత్తారింటికొచ్చిన కొత్తల్లుళ్ళలాగా తింటున్నాయి. ఒకదానికైతే ఎగరడానికి కూడా బద్ధకమే.

మేం సంతోషంగా వల తీశాం. పెద్దకాపు అడ్డం నిలబడ్డాడు.

"అమ్మకొదిలినదాన్ని మళ్ళీ పడతారా? కళ్ళు పోతాయి దొరా!"

ఇక దూరం నుంచే చదవాలి. కడియం మీద అంకెలు చీమ తలకాయలంత. ఇసకలో బోర్లా పాక్కుంటూ పోయాను. పీతలు కరిచాయి. నేను దగ్గరయ్యేసరికి కాకి ఆ కాలు పైకి మడిచి ఒంటికాలి మీద నిలబడేది. ఆ జాతి మీద నాకున్న ప్రేమంతా ఆ వారంలో ఆవిరైపోయింది. ఈలోగా మామయ్య దగ్గర్నుంచి కబురు, వస్తున్నాను, పెట్టె సర్దుకోమని. నాకు నిజంగానే నిద్ర పట్టలేదు.

చివరికి పెద్దకాపుకే మా మీద జాలేసింది. "మొక్కినారు, పొంగలి పెట్టినారా? పెట్టలా. అందుకే అమ్మ పక్షిని చూపిస్తంది, నెంబరు చూపించలా," అన్నాడు.

పొంగలి రోజున అచ్చువేసిన జీవానికి పసుపు కుంకుమ పెట్టాలట. పెట్టాలంటే పట్టుకోవాలి కదా! పరిశోధనకు పడితే పాపం, బొట్టుకు పడితే పుణ్యం. సారు నిక్కరు మీద తువ్వాలు చుట్టుకుని ఇసకలో పొయ్యి పెట్టి పొంగలి వండారు. అడుగంటిన వాసన కావలిదాకా పోయుంటుంది. పెద్దకాపు తన చేతులతోనే విసురువల వేసి బద్ధకపు కాకిని పట్టాడు. అవ్వ దాని నెత్తిన కుంకుమ పెడుతుంటే నేను కాలు పట్టుకుని నెంబరు చదివాను. మాదే!

"బరువు, బరువు," అని సారు గొణిగారు.

"అవ్వా, తులాభారం తూగిస్తే ఇంకా పుణ్యం కదా?" అన్నాను.

అవ్వ సంబరంగా తన తక్కెడే తెచ్చింది. ఒక పళ్ళెంలో సంచిలో కాకి, రెండో పళ్ళెంలో ఎండు నెత్తళ్ళు. ఎంత పోసినా కాకి పైకి లేవదు. ఆడవాళ్ళు దోసిళ్ళతో పోస్తూనే ఉన్నారు. "ఈ తీరంలో పక్షుల ఆరోగ్యం అద్భుతం," అన్నారు సారు కళ్ళనీళ్ళతో.

సరిగ్గా అప్పుడే నల్లగొడుగు వేసుకుని మామయ్య దిగాడు. నేను జరిగింది చెప్పాను. "కాకికి నెత్తళ్ళు తూచడం ఉద్యోగమా? పద," అని నా రేకుపెట్టె ఎత్తి, జబ్బ పట్టుకుని లాగాడు. నెంబరు చదివినా ఈ మనిషి వినేట్టు లేడు.

అవ్వ లేచొచ్చి నా చెయ్యి గుంజుకుని, కడియమున్న వేలు ఆయన ముక్కుకు ఆనించింది.

"ఏందయ్యా, అచ్చు అగపడలా? ఏడాది బట్టి ఇంటింటా తిని తిరగతా ఉండాడు. ఒక్కరన్నా కొట్టినామా? ఎందుకు కొట్టలేదనుకున్నావు?"

"దురాయి ఉంది సామీ," అన్నాడు పెద్దకాపు. "వొదిలినదాన్ని మళ్ళీ కట్టెయ్యగూడదు."

మామయ్యకు గంగమ్మంటే హడల్. పెట్టె మెల్లిగా ఇసకలో దించాడు.

ఏడాదిగా నా కబుర్లు నచ్చే ప్రతి ఇంట్లో పిలిచి పులుసన్నం పెడుతున్నారనుకున్నాను. సిగ్గేసింది. మిల్లు తప్పినందుకు సంతోషంతో ఏడుపూ వచ్చింది. "తినమ్మా," అంటూ అవ్వ మాడిన పొంగలి ఆకులో వేసి నా ముందు పెట్టింది. తిన్నాను.