రాజవ్వ పాలు, మా బావి నీళ్లు

మొన్న ఛత్రినాకలో మా ఇంటికి మంచినీళ్ల క్యాన్ రాలేదు. సరేలెమ్మని బోరు నీళ్లతో చాయ్ పెట్టాను. పాలు పోసి మరిగించేసరికి గిన్నెలో తెల్లటి ముక్కలు తేలాయి, పుల్లటి వెచ్చటి వాసన వంటిల్లంతా నిండింది. పాల ప్యాకెట్టు అమ్మిన దుకాణపాయనను నాలుగు దులిపి ఇంకో ప్యాకెట్టు ఊరికే రాబడదామని ఫోను అందుకున్నాను. దుకాణందార్ల ఇంట పుట్టినదాన్ని, ముందు తప్పు అవతలివాడిదే. నంబరు నొక్కబోతూ ఆగిపోయాను. ఆ వాసన నాకు పదేళ్ల వయసు నుంచి తెలుసు.

మా బాపుకు పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం, ఇల్లేమో గౌలిపురలో, బర్రెల కొట్టాల నడుమ. పొద్దున కళ్లు తెరవకముందే పేడ వాసన, తడిసిన గడ్డి వాసన, నానబెట్టిన తవుడు వాసన, వాటి మీదుగా పక్కింటి ఊదు పొగ. ఆషాఢం వచ్చిందంటే వీటన్నిటినీ కప్పేస్తూ బోనాల వేపాకు, పసుపు, బెల్లం అన్నం. ఇంటి వెనక బావి, బావి వెనక వాగు. ఎండాకాలం బావి అడుగంటితే చేంతాడుకు ఇంకో తాడు ముడేసి తోడుకోవాల్సి వచ్చేది. అందుకని బాపు ముందుండి, గల్లీ పెద్దలందరినీ కూడగట్టి వాగుకు అడ్డంగా రాతి గోడ కట్టించాడు. మనిషి నడుమెత్తు గోడే, అయినా మాకది డ్యామే. మరుసటి వానాకాలానికి బావిలో నీళ్లు ఎంత పైకి వచ్చాయంటే పిల్లలం వంగి చెంబుతో ముంచుకున్నాం. తియ్యటి నీళ్లు. వచ్చిన చుట్టానికల్లా బాపు చాయ్ కంటే ముందు అవే తాగించి మీసం దువ్వుకునేవాడు.

రెండు మూడేళ్లలో ఎగువన ఇళ్లు పెరిగాయి, మురుగు మోరీలన్నీ వాగులో కలిశాయి. గోడ లేకుంటే ఏ వరదకో ఆ మురికి కొట్టుకుపోయేది. ఇప్పుడది గోడ వెనక ఆగి, ఎండకు చిక్కబడి, ఉప్పుతేలి, మెల్లగా నేలలోకి ఇంకి మా బావిలో ఊరింది. ఇదంతా నాకు పెద్దయ్యాక అర్థమైన సంగతి. అప్పుడు మా కంటికి కనబడినవి వేరు: సబ్బు నురగ రావడం మానేసింది, కందిపప్పు ఎంత ఉడికించినా పలుకు పలుకుగానే ఉండేది, బిందె లోపల తెల్లటి పొర కట్టింది. నానమ్మ ఆ నీళ్లు పుక్కిలించి ఊసి, ఏమీ అనకుండా కొడుకు వైపు చూసేది. డ్యామ్‌ను అనడమంటే బాపును అనడమే కదా. అందుకని సబ్బును తిట్టాం, పప్పును తిట్టాం. చాయ్ విరగడం మొదలయ్యాక పాలను తిట్టాం.

మాకు పాలు పోసేది రాజవ్వ. వాగు అవతల మిట్ట మీద ఆమె కొట్టం, రెండు బర్రెలు. బాపు దుకాణంలో గిరాకీలతో మాట్లాడే తీరు చూసి చూసి ఆరితేరిన నేను, ఒక పొద్దున గడప మీద నిలబడి గల్లీ అంతా వినేటట్టు అందుకున్నాను.

“ఏంది రాజవ్వా, పాలల్ల ఏం కలుపుతున్నవ్? దినాం ఇరుగుతున్నయ్!”

“నా బర్రెల మీద ఒట్టు బిడ్డా, సుక్క నీళ్లు గూడ పోస్తలేను.”

“గట్లయితే చాయ్ ఎందుకు ఇరుగుతది? ధర తగ్గియ్, లేకుంటే రేపటి సంది రాకు.”

“సేటూ, నీ బిడ్డ నిన్ను మించింది పో!” అని రాజవ్వ నా వెనక నిలబడ్డ బాపును చూసి నవ్వబోయింది. ఎవరూ నవ్వలేదు. బాపు నా వీపు తట్టాడు. ఆమె ధర తగ్గించింది. తగ్గించిందంటే కల్తీ ఒప్పుకున్నట్టేనని గల్లీ తేల్చేసింది.

వారం తర్వాత మిట్ట మీద గోలీలాడుతుంటే రాజవ్వ నన్ను పిలిచి చాయ్ పోసింది. మాకు పోసే పాలే. కమ్మగా, చిక్కగా, మీగడ తేలుతూ ఉంది.

“నీళ్లు ఏడియవ్వా?”

“మా బాయియే. మీ డ్యామ్ నీళ్లు గీడిదాంక ఎక్కవు. పాలు మంచియేనని మీ బాపుకు జెర చెప్పు బిడ్డా. నా మాట ఇనడు, నీ మాట ఇంటడు.”

తలూపాను. ఇంటికి వచ్చి నోరు మూసుకున్నాను. చెబితే బాపు డ్యామ్ చెడ్డదవుతుంది, నా బేరం దొంగ బేరమవుతుంది, వీపు మీద ఆ చెయ్యి ఇంకోసారి పడదు. పదేళ్ల పిల్లకు అంత లెక్క తెలుసు.

ఒక్కో ఇల్లే ఆమె దగ్గర పాలు మానేసింది. బోనాలకు ముందు ఎవరో వచ్చి రెండు బర్రెలనూ తోలుకుపోయారు. ఆ సాయంత్రం రాజవ్వ మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. బాపు లోపల ఉయ్యాల మీద కూర్చుని ఉన్నాడు.

“చెప్పినవా బిడ్డా?” అని మెల్లగా అడిగింది.

“చెప్పిన అవ్వా,” అన్నాను.

ఆమె నా తల మీదుగా బాపును ఒకసారి చూసి వెళ్లిపోయింది. నా అబద్ధాన్ని ఆయన పాపంగా మోసుకుపోయింది.

వాగు మీద ఇప్పుడు సిమెంటు పలకలు, పలకల మీద ఆటోలు. బావి పూడ్చిన చోట మూడంతస్తుల ఇల్లు లేచింది. గౌలిపురలో మా గల్లీ వైపు బర్రె అరుపు వినిపించి ఏళ్లయింది. బాపు కడదాకా ఆ డ్యామ్ గురించి గొప్పగానే చెప్పుకున్నాడు, నేను పక్కన కూర్చుని ఊ కొట్టాను.

మొన్న ఫోను పక్కన పెట్టి, ప్యాకెట్టులో మిగిలిన పాలను ఇంకో గిన్నెలో, చుక్క నీళ్లు కలపకుండా కాచాను. తెల్లగా, నిండుగా పొంగాయి. పాలు మంచివే. ఆ మాట ఆ రోజు గుమ్మంలోంచి లోపలికి పది అడుగులు వేస్తే చెప్పగలిగేదాన్ని. పొయ్యి ఆర్పకుండా చూస్తూ నిలబడ్డాను, పాలు పొంగి గట్టు మీద పారేదాకా.