ప్లాంటు కంపు, నాంచారమ్మ గారి నెత్తళ్ళు

మచిలీపట్నం అవతల సముద్రం ఒడ్డు పల్లెలో, మురుగునీరు శుభ్రంచేసే ప్లాంటుకి ఆపరేటర్ని నేను. నీళ్ళలోకి గాలి కొట్టే మిషను బెల్టు ఈ పొద్దున తెగింది. భోజనం చేశాక మారుద్దాంలే అనుకున్నాను. ఈలోపే విజయవాడ నుంచి పెద్దసారు తనిఖీకి దిగారు.

"ఏంటయ్యా ఈ కంపు?" అన్నారు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

నేను తడుముకోకుండా గోడవతల ఎండుతున్న నెత్తళ్ళు చూపించాను. "ఆ ఎండుచేపలేనండీ."

అక్కడే చేపలు తిరగేస్తున్న నాంచారమ్మ గారు వినేశారు.

"సారూ, నా నెత్తళ్ళ వాసనకి ఆకలి పుట్టిద్ది. ఇది గాలి మిషను ఆగిన కంపు. పొద్దున్నించీ ఇంతే. మిషను మీద చెయ్యి పెట్టి చూడండి, చల్లగా ఉంటది."

సారు చెయ్యి పెట్టారు. చల్లగానే ఉంది. చెమట పట్టింది నాకు.

నాకు మెమో రాసిచ్చి, వెళుతూ వెళుతూ ఆవిడ దగ్గర రెండు కేజీల నెత్తళ్ళు కట్టించుకున్నారు. అద్దాలు బిగించిన ఏసీ కారు, విజయవాడ దాకా ప్రయాణం!

ఇంటికెళ్ళాక వాళ్ళావిడ "ఏంటండీ ఈ కంపు?" అంటే, ప్లాంటుకి వెళ్ళొచ్చానని సారు నా మీదకే తోసేస్తారు. కాదనేవాళ్ళు పందేనికి రండి.